అయస్కాంత పదార్థాల గణనకు క్వాంటం ఎస్ప్రెస్సో: ఒక సమీక్ష

పదార్థాలలోని అయస్కాంతత్వాన్ని సిద్ధాంతపరంగా అధ్యయనం చేయదలచిన విద్యార్థికి, డబ్బు ఖర్చు లేకుండా దొరికే సాఫ్ట్‌వేర్లలో క్వాంటం ఎస్ప్రెస్సోకు నేను అగ్రస్థానం ఇస్తాను. ఇటలీలోని ట్రియెస్టేలో వేళ్లూనుకొని, గ్నూ జీపీఎల్ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉన్న ఇది డెన్సిటీ ఫంక్షనల్ సిద్ధాంతాన్ని (ఎలక్ట్రాన్ల సాంద్రత ఆధారంగా పదార్థ శక్తిని లెక్కించే పద్ధతి) సమతల తరంగాలు, సూడోపొటెన్షియళ్ల (కేంద్రకమూ లోపలి ఎలక్ట్రాన్లూ కలిసి చూపే ప్రభావానికి సరళ రూపాలు) సాయంతో అమలు చేస్తుంది. లినక్స్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్‌పై కూడా ఇనుములో పరమాణువుకు సుమారు 2.2 బోర్ మాగ్నెటాన్ల (పరమాణు స్థాయి అయస్కాంతత్వానికి కొలమానం) అయస్కాంత భ్రామకాన్ని రాబట్టవచ్చు. ప్రయోగాలలో కొలిచిన విలువ కూడా దాదాపు అంతే.

అసలు పరీక్ష నికెల్ ఆక్సైడ్‌తో మొదలవుతుంది. నికెల్ డి కక్ష్యలు పూర్తిగా నిండలేదు కనుక బ్యాండ్ సిద్ధాంతం (ఘనపదార్థంలో ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలను పట్టీలుగా చూసే సిద్ధాంతం) ప్రకారం అది లోహంలా ప్రవర్తించాలి, కాని నిజానికి అది విద్యుత్ బంధకమని శాస్త్రవేత్తలు డి బోయర్, వెర్వే 1937లో ఎత్తిచూపగా, ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణే అందుకు కారణం కావచ్చని మాట్, పీయర్ల్స్ అదే ఏడాది సూచించారు. యాంటీఫెర్రోమాగ్నెటిక్ అమరికను (పక్కపక్క భ్రామకాలు వ్యతిరేక దిశల్లో ఉండే అమరిక) ఇచ్చినా, సాధారణ ఫంక్షనళ్లు (ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావానికి వాడే ఉజ్జాయింపు సూత్రాలు) సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంతరాన్ని (నిండిన, ఖాళీ పట్టీల మధ్య ఎడం) బాగా తగ్గించి చూపుతాయి. డి కక్ష్యలలోని వికర్షణకు హబ్బర్డ్ యు అనే పదాన్ని చేర్చినప్పుడు అంతరమూ భ్రామకమూ రెండూ ప్రయోగ విలువల వైపు జరుగుతాయి.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది హెచ్‌పి.ఎక్స్ అనే భాగం. యు విలువను ఊహించి పెట్టకుండా, ఎలక్ట్రాన్ల స్పందన నుంచి అది నేరుగా లెక్కగడుతుంది. సూడోపొటెన్షియల్ మారినా, కక్ష్యల ప్రొజెక్షన్ పద్ధతి (డి కక్ష్యలలోని ఎలక్ట్రాన్లను లెక్కించే తీరు) మారినా యు మారుతుంది కనుక, వేరొకరి వ్యాసంలోని అంకెను తెచ్చి వాడుకోవడం సరికాదు. 7.1వ వెర్షన్ నుంచి హబ్బర్డ్ వివరాలను ఇన్‌పుట్ ఫైల్‌లో విడిగా ఒక కార్డులో (విభాగంలో) రాయవలసి ఉంటుంది. పాత ఇన్‌పుట్ ఫైళ్లను మార్చుకోక తప్పదు.

వినియోగదారుడు మెలకువగా ఉండవలసినది ప్రారంభ అయస్కాంతీకరణ విషయంలోనే. వ్యతిరేక దిశల స్పిన్‌లు (భ్రామకానికి మూలమైన ఎలక్ట్రాన్ లక్షణం) కావాలంటే రెండు నికెల్ పరమాణువులను వేర్వేరు రకాలుగా ప్రకటించి, ఒకదానికి ధన, రెండోదానికి ఋణ విలువ ఇవ్వాలి. రెండింటికీ ఒకే గుర్తు ఇస్తే గణన ఫెర్రోమాగ్నెటిక్ స్థితిలోనే (భ్రామకాలన్నీ ఒకే దిశలో ఉండే స్థితి) స్థిరపడి, ఏ హెచ్చరికా లేకుండా ముగియవచ్చు. అందుచేత వేర్వేరు ప్రారంభాలతో నడిపి, మొత్తం శక్తులను పోల్చిన తరువాతే ఫలితాన్ని నమ్మాలి.

ఒక పరిమితిని మాత్రం ఏ సర్దుబాటూ తొలగించదు. సుమారు 523 కెల్విన్ల వద్ద నికెల్ ఆక్సైడ్‌లోని అయస్కాంత క్రమం చెదిరిపోయినా అది బంధకంగానే మిగులుతుంది. భ్రామకాలు నిరంతరం మారుతుండే ఆ స్థితిని యు చేర్చిన ఈ పద్ధతి నిజంగా వర్ణించలేదు. అక్కడ డైనమికల్ మీన్ ఫీల్డ్ సిద్ధాంతాన్ని (ఎలక్ట్రాన్ల వికర్షణ వల్ల కాలంతో మారే ప్రభావాలను లెక్కలోకి తీసుకునే పద్ధతి) అమలు చేసే వేరే సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించాలి. దానికి కావలసిన బ్యాండ్ నిర్మాణాన్ని మాత్రం ఇక్కడే సిద్ధం చేసుకోవచ్చు.