రేడియేషన్ తట్టుకోలేకపోవడం, క్యాన్సర్ ముప్పు: రెండింటికీ ఒకే మాటా?

'కరెంటు పెట్టించుకోవడం', అంటే రేడియేషన్ చికిత్స, మొదలైన మూడో వారానికల్లా మా విభాగంలో ఇంటివాళ్ళు అడిగేది ఇదే: "పక్కావిడకి ఏమీ కాలేదు, మా అమ్మకే ఎందుకండీ ఇలా?" రొమ్ము క్యాన్సర్‌కి ఇద్దరికీ అవే 25 సిట్టింగులు, అదే 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత). ఒకరికి చర్మం కాస్త నల్లబడుతుంది, అంతే. ఇంకొకరికి చంక కింద తోలు ఊడి, జాకెట్టు తగిలితే చాలు మంట. ఒంటి తీరు, పొగతాగడం లాంటి కారణాలు పోగా మిగిలే తేడాని రేడియోసెన్సిటివిటీ అంటారు. తెలుగులో సున్నితత్వం.

ఆ మాట చెప్పగానే రెండో ప్రశ్న: "అయితే దీనివల్ల మళ్ళీ క్యాన్సర్ వస్తుందా?"

నా దృష్టిలో తేల్చాల్సింది ఇదే. రేడియేషన్ వల్ల క్యాన్సర్ వచ్చే గుణాన్ని రేడియోససెప్టిబిలిటీ అని విడిగా పిలవాలని 2016లో ఫోరే, బూర్గిన్యో, హమదా అనే పరిశోధకులు ప్రతిపాదించారు. నేను వాళ్ళ పక్షమే. దెబ్బతిన్న డీఎన్ఏని బాగుచేయించే ఏటీఎం జన్యువు రెండు ప్రతులూ చెడిన పిల్లలకి మామూలు మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది, క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. క్యాన్సర్‌ని అడ్డుకునే పీ53 జన్యువులో లోపంతో, లి-ఫ్రామెనీ అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్ళ సంగతి వేరు. చర్మం చాలావరకు మామూలుగానే తట్టుకుంటుంది, కానీ రేడియేషన్ తగిలిన చోట తర్వాత కొత్త క్యాన్సర్ వచ్చే భయం ఉంటుంది. అలాంటివాళ్ళ ఫైల్లో 'సెన్సిటివ్ కాదు' అని రాసి వదిలేస్తే, చూసినవాళ్ళు అదీ రేడియేషనేనని మరిచి, నిశ్చింతగా సీటీ స్కాన్ మీద సీటీ స్కాన్ తీయిస్తారు. 1986లో చెర్నోబిల్ తర్వాత రేడియోధార్మిక అయోడిన్ కలిసిన పాలు తాగి థైరాయిడ్ క్యాన్సర్ తెచ్చుకున్న పిల్లల ఒంటి మీద కూడా కాలిన గుర్తులేం లేవు.

పైగా సెన్సిటివిటీకి ఇంకో చిక్కుంది. రిపోర్టులో 'రేడియోసెన్సిటివ్ ట్యూమర్' అని చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాను. గడ్డ విషయంలో అది మంచి కబురు, రేడియేషన్‌కి బాగా లొంగుతుందని అర్థం.

శుక్లాలు, గుండె జబ్బుల్లాంటి, ముందే వయసు మీదపడ్డట్టు వచ్చే మార్పులకి ఆ ముగ్గురే రేడియోడీజనరేషన్ అని మూడో పేరు పెట్టారు. పరిశోధకులకి పనికొస్తుంది. ఈ మూడింటినీ కలిపి 'వ్యక్తిగత స్పందన' అంటే అన్నింటికీ సరిపోతుంది కానీ ఏదీ తేల్చదు.

ఇంటివాళ్ళతో నేను 'తట్టుకునే శక్తి', 'క్యాన్సర్ ముప్పు' అని రెండూ విడివిడిగా చెబుతాను. 'రేడియేషన్ పడదు' అని మాత్రం అనను. పడదంటే మానేయమనే కదా మనకి అర్థం! డాక్టరు చెప్పిన పూత రాసుకుంటూ మిగతా పది సిట్టింగులు పూర్తి చేయాల్సిన మనిషి, ఆ ఒక్క మాటకి బస్సెక్కి ఇంటికెళ్ళిపోతుంది.