బాతుపిల్ల కాళ్లు వంకరపోతే: ఈస్ట్ పొడా, నియాసిన్ మాత్రా?

బాతుపిల్లలకు నియాసిన్, అంటే బి3 విటమిన్, కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి. కోడిదాణాతోనే పెంచితే మడమ కీళ్లు వాచి, కాళ్లు విల్లులా వంగుతాయి.

బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్ పొడి, ఇందులో నియాసిన్ ఉంటుంది): కప్పు దాణాకు ఒక పెద్ద చెంచా. ఖరీదు ఎక్కువ, గుణం నిదానం. మోతాదు మించుతుందన్న టెన్షన్ ఉండదు. రొట్టెలకు వేసే ఈస్ట్ మాత్రం కాదండీ, చాలామంది అక్కడే పొరబడతారు.

మాత్ర: చవక, త్వరగా పనిచేస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లకు 100–150 మి.గ్రా., రోజూ కొత్తగా కలపాలి. నెమ్మదిగా కరిగే రకం వద్దు.

నడక కాస్త తడబడితే ఈస్ట్ చాలు. కూలబడి లేవలేకపోతే మాత్ర నీళ్లు, గిన్నె పక్కనే పెట్టి. కాళ్లు పక్కలకు జారిపోతుంటే ముందు కింద పరిచిన నున్నటి న్యూస్‌పేపర్ తీసి గరుకు గుడ్డ పరవండి. ఒక్క కాలే వాస్తే దెబ్బేమో, పశువైద్యుడికి చూపించండి.