జీతాల పరిమితి తగ్గితే: ఆటగాణ్ణి వదులుకోవడమా, ఒప్పందం మార్చడమా?

నల్లగొండలో బోరు ఎండితే బత్తాయి రైతు ముందు రెండే దార్లు: చెట్లు కొట్టేయడం, లేదా అప్పు చేసి ఇంకో బోరు వేయడం. 2021లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లదీ అదే స్థితి. కరోనాతో స్టేడియాలు ఖాళీ అయి, జట్టు జీతాల పరిమితి, అంటే ఒక్కో జట్టు ఏడాదికి ఆటగాళ్ల జీతాల కింద చూపగల గరిష్ఠ మొత్తం, 19.82 కోట్ల డాలర్ల నుంచి 18.25 కోట్లకు పడింది.

ఒప్పందం మార్చడమంటే కొత్త బోరే. ఇంకా మూడేళ్లున్న ఆటగాడి ఈ ఏటి జీతం 150 లక్షల డాలర్లనుకోండి. అందులో 120 లక్షలను బోనస్‌గా మారిస్తే డబ్బు అతని చేతికి ఇప్పుడే వస్తుంది, పరిమితి లెక్కలో మాత్రం అది మూడేళ్లకు పంచి ఏడాదికి 40 లక్షలే. ఈ ఏడు 80 లక్షలు మిగులు. తర్వాతి రెండేళ్లూ 40 లక్షల చొప్పున అదనపు బరువు. ఈలోగా మోకాలు పోయిందా, అప్పు అలాగే ఉంటుంది. పైగా యజమాని దగ్గర నగదు ఉండాలి. మాంద్యంలో చాలామంది తడబడేది ఇక్కడే.

వదులుకుంటే హామీ లేని జీతం లెక్కలోంచి పోతుంది. కానీ పాత బోనస్‌లో రాబోయే ఏళ్లకు పంచిన భాగమంతా ఒక్కసారిగా ఈ ఏడు మీద పడుతుంది. జూన్ 1 తర్వాత వదిలితే అది వచ్చే ఏటికి జరుగుతుంది. అయితే మార్చిలో తెరిచిన ఆటగాళ్ల సంతలో మంచి సరుకు అప్పటికే అయిపోయి ఉంటుంది.

బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు ఇరవై ఐదేళ్లయితే ఒప్పందం మార్చొచ్చు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్‌కు ముప్పై దాటితే బోరు వేయొద్దు.