బొమ్మ రైలు లేఅవుట్‌కి గుడ్డ జెండాలు, మూడేళ్ళు వాడినాక చెప్తున్నా

మాది తిరుపతి. మేడ మీద గదిలో పాకాల జంక్షన్ లాంటి బొమ్మ రైలు స్టేషన్ ఒకటి కట్టుకున్నా, హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87, అసలుదాంట్లో 87వ వంతు. ట్రాకు, బోగీలు కొన్నవే, కానీ మన రైలు గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నార్లే) చేతిలో ఉండే ఎర్ర, పచ్చ జెండాలు నాకు ఎక్కడా దొరకలే, అందుకే నేనే గుడ్డతో చేయడం మొదలుపెట్టినా.

మొదట కాగితంతోనే చేసినా, రంగు బాగానే వచ్చింది గానీ గుడ్డ వాలినట్టు వాలదు, మడత చూస్తేనే తెలిసిపోతుంది. తర్వాత చేతిరుమాలు కత్తిరించినా. 90 సెంటీమీటర్ల జెండా ఈ స్కేల్లో ఒక్క సెంటీమీటరే వస్తుంది, అంత చిన్న ముక్కలో రుమాలు నేత గోనెసంచిలాగా కనపడింది.

పనికొచ్చింది అమ్మ పాత వెంకటగిరి చీర. అసలే సన్న నూలు, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి ఉల్లిపొర లాగా అయింది. "చీర చించుతావేందిరా నైనా" అంటానే చిరుగు పడిన కొంగు దగ్గర ముక్క ఇచ్చింది, గంజి పెట్టమని కూడా తనే చెప్పింది. గంజితో బిరుసు భలే వచ్చింది కానీ వానాకాలంలో బొద్దింకలు కొరికేసినాయి, నాలుగు జెండాలు పోయినాయి. అప్పటినుంచి చెక్కపనికి వాడే తెల్ల జిగురు ఒక వంతుకి మూడు వంతులు నీళ్ళు కలిపి, గుడ్డని పాలిథిన్ కవరు మీద పరిచి బ్రష్‌తో పూసి రాత్రంతా ఆరబెడతా. పొద్దున్నకి కాగితం మాదిరి అవుతుంది, కొత్త బ్లేడుతో కోస్తే పోగు ఊడదు. కోయకముందే రంగు వేసుకోవాలి, పల్చగా రెండుసార్లు, చిక్కగా వేస్తే నేత సందులు పూడిపోయి ప్లాస్టిక్ లాగా అవుతుంది. రాగి తీగకి అంటించి, కొంచెం తడిపి, రెండు పుల్లల మధ్య వంచి వదిలేస్తే గాలికి ఊగే మడత అట్నే నిలబడుతుంది. ఈ మడత దగ్గరే కాగితం ఓడిపోతుంది, నా మాట నమ్మండి.

జాతీయ జెండా సంగతి వేరే. 24 ఆకుల చక్రం అంత చిన్నగా చేత్తో వేయడం నా వల్ల కాలే, జిగురు పట్టించిన గుడ్డని ఏ4 కాగితానికి అంటించి ఇంక్‌జెట్ ప్రింటర్లో పెట్టినా. జిగురు ముందే ఉంటే ఇంకు పాకదు. రెండువైపులా కనపడాలి కాబట్టి బొమ్మ రెండుసార్లు పక్కపక్కన, ఒకటి తిరగేసి ప్రింట్ తీసి కంబం చుట్టూ మడిచి అంటించాలి, చక్రం మీద చక్రం కచ్చితంగా పడేదాకా ఎన్ని పాడైనా మళ్ళీ తీయాల్సిందే. పెద్ద స్టేషన్ల ముందు ఉండే 100 అడుగుల కంబం కూడా పెడదామనుకున్నా, లెక్కేస్తే 35 సెంటీమీటర్లు, నా స్టేషన్ బిల్డింగే చిన్నబోతుంది, అందుకే 21 మిల్లీమీటర్ల పొడవు, 14 వెడల్పు జెండాతో ఆపేసినా.

మూడేళ్ళలో తేలింది ఏందంటే, మడతలు ఎండాకాలం అంతా బాగుంటాయి, నవంబర్ డిసెంబర్ వానలకి గాలిలో తేమ ఎక్కి జిగురు మెత్తబడి జెండా వాలిపోతుంది. పైన మ్యాట్ వార్నిష్ ఒక కోటు వేసినాక ఆ బాధ చానా తగ్గింది. ఎండకి మాత్రం మందు లేదు, కిటికీ పక్కన పెట్టినవాటిలో ప్రింట్ చేసినవి ఏడాదికే వెలిసినాయి, చేత్తో రంగు వేసినవి ఇప్పటికీ బాగున్నాయి. వెలిసిన జాతీయ జెండా ఎంత చిన్నదైనా నిలబెట్టకూడదు, అందుకే ఆగస్టు పదిహేనుకి ముందు కొత్తది పెడతా, పాతది తీసి ఇంట్లోనే మర్యాదగా కాల్చేస్తా. గార్డు చేతిలో పచ్చజెండా మాత్రం మొదటి చీరముక్కతో చేసిందే, ఇంకా మార్చలే.