కచేరీ వాయిదా పడింది, డబ్బు వచ్చింది కానీ...

ఒక ఆన్‌లైన్ టికెట్ సైటులో సంగీత కచేరీకి నాలుగు టికెట్లు కొన్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు కాబట్టి నడక తక్కువగా ఉండే వరుస చూసి మరీ తీసుకున్నాను. తొమ్మిది రోజుల ముందు మెయిల్ వచ్చింది: కార్యక్రమం వాయిదా పడింది, కొత్త తేదీ త్వరలో ప్రకటిస్తాం అని. రద్దయిందని రాసి ఉంటే బహుశా ఈ సమీక్ష రాసేదాన్ని కాదు.

ఎందుకంటే రీఫండ్ దగ్గరికి వచ్చేసరికి రద్దు వేరు, వాయిదా వేరు. రద్దయితే సాధారణంగా ఎవరూ అడగకుండానే టికెట్ డబ్బు వెనక్కి వేస్తారు. వాయిదా పడితే మాత్రం చాలాచోట్ల పాత టికెట్టే కొత్త తేదీకి చెల్లుతుంది. రాలేనివాళ్లు గడువులోగా అడగాలి, అడగకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నాకిచ్చిన గడువు ఏడు రోజులు. ఆ సంగతి మెయిల్‌లో అట్టడుగున, ప్రకటనల కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఐదో రోజున నా కంట పడింది. లెక్కలు చూసే ఉద్యోగం నాది, కాగితం కింది నుంచి పైకి చదవడం అలవాటు. ఆ అలవాటు లేనివాళ్ల మాటేమిటి?

సహాయ కేంద్రంలో మొదట యంత్రం పలికింది. మూడోసారి ప్రయత్నిస్తే మనిషి దొరికాడు, మర్యాదగానే మాట్లాడాడు. రీఫండ్ నియమం పెట్టేది కచేరీ నిర్వాహకులేనని, తాము మధ్యవర్తులమేనని చెప్పాడు. అది నిజమే, ఇలాంటి సైట్లలో చాలావరకు ఏర్పాటు అదే. "మరి డబ్బు తీసుకున్నప్పుడు రసీదు మీ పేరు మీదే వచ్చింది కదా బాబూ?" అన్నాను. కాసేపు మౌనం. తరువాత నా అభ్యర్థన నమోదు చేశాడు.

ఇక కోత సంగతి. వెనక్కి వచ్చింది టికెట్ అసలు ధర మాత్రమే. కన్వీనియన్స్ ఫీజు, అంటే సైటు తన సేవకు వేసే రుసుము, రాదు. పైగా ఆ ఫీజు బుకింగ్‌కు ఒకటి కాదు, టికెట్‌కు ఒకటి. నేను బటన్ నొక్కింది ఒక్కసారి, ఫీజు పడింది నాలుగుసార్లు. డబ్బు కట్టే ముందు వివరాల బాణం గుర్తు నొక్కితే ఇదంతా కనిపిస్తుంది. నేను నొక్కలేదు, అది నా తప్పే. టికెట్ బీమాకు కూడా టిక్కు పెట్టాను. దాని షరతులు తరువాత చదివాను. నాకు జబ్బు చేసి వెళ్లలేకపోతే పనికొస్తుందట, నిర్వాహకులే వాయిదా వేస్తే వర్తించదట. వాన పడితే పనికిరాని గొడుగు!

మెచ్చుకోవలసిందీ ఉంది. రీఫండ్ ఎక్కడిదాకా వచ్చిందో యాప్‌లో దశలవారీగా చూపించారు: అభ్యర్థన అందింది, ఆమోదించాం, బ్యాంకుకు పంపాం. మూడో దశకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ తరువాత బ్యాంకు వంతు. అక్కడ నాకొక భయం పట్టుకుంది. టికెట్లు కొన్న కార్డు గడువు తీరిపోయి, ఈలోగా కొత్తది వచ్చింది. రీఫండ్ ఏమో డబ్బు కట్టిన కార్డుకే వెళుతుంది. బ్యాంకుకు ఫోన్ చేస్తే, ఖాతా అదే కాబట్టి దిగులు అక్కర్లేదన్నారు. ఏఆర్‌ఎన్ నంబరు ఉందా అని అడిగారు. కార్డు లావాదేవీలకు ఉండే 23 అంకెల గుర్తు అది, దానితో రీఫండ్ ఎక్కడుందో బ్యాంకు వెతికిపట్టుకోగలదు. సైటు వాళ్లను అడిగితే గంటలో పంపారు. అడగనిదే చెప్పరు, అదొక్కటే లోపం. మొత్తం మీద పదకొండో రోజున డబ్బు ఖాతాలో పడింది.

ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది గడువును మెయిల్ అడుగున దాచినందుకు. రెండోది, నా డబ్బు ఎప్పుడు వస్తుందని అడిగిన ప్రతిసారీ "మీ ఓపికకు ధన్యవాదాలు" అన్న ఆ యంత్రానికి.