వైజాగ్ నుంచి మెల్‌బోర్న్: సింగపూర్ మీదుగానా, ఢిల్లీ మీదుగానా?

ఈ మధ్య ఎంవీపీ కాలనీలో ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు: మెల్‌బోర్న్‌లో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నల్ని ఏ దారిన పంపమంటారు అని. మా అత్తమామలకి మొన్ననే టికెట్లు తీశాను కాబట్టి లెక్కలన్నీ ఇంకా బుర్రలోనే ఉన్నాయి.

దూరం చూస్తే పోటీయే లేదు. వైజాగ్ నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్ ఇంకో 6,000. గాల్లో ఉండేది 4 గంటలు, మళ్లీ ఏడున్నర. అదే ఢిల్లీ అయితే ముందు 1,350 కిలోమీటర్లు వెనక్కి, అంటే ఉత్తరానికి పోయి, అక్కణ్ణుంచి 10,000 పైచిలుకు వెళ్లాలి, ఆ రెండో విమానంలోనే దాదాపు 12 గంటలు కూర్చోవాలి. (టికెట్ మీద టైములు తీసివేసి ఇన్ని గంటలని అనుకోకండి. మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, అక్టోబర్ నుంచి ఏప్రిల్ మొదటి దాకా ఐదున్నర.)

కానీ నన్నడిగితే గాల్లో తగ్గే ఆ రెండు మూడు గంటలు పెద్ద విషయం కాదు, మధ్యలో ఎక్కువసేపు ఆగాల్సి వస్తే అవి అక్కడే ఖర్చయిపోతాయి. చూడాల్సింది ఇమిగ్రేషన్ ఎక్కడ అవుతుందన్నది. సింగపూర్ దారిలో అది వైజాగ్‌లోనే అయిపోతుంది, చుట్టూ తెలుగు మాట్లాడేవాళ్లే, ఏ కాగితమో చూపించమంటే బయట నిలబడ్డ అల్లుడికి ఫోన్ చేయొచ్చు. సింగపూర్‌లో దిగాక చేయాల్సిందల్లా గేటు వెతుక్కుని, సెక్యూరిటీ దాటడమే. ఢిల్లీలో మాత్రం సామాను నేరుగా వెళ్లిపోయినా ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అక్కడే, ఆ పెద్ద క్యూల్లో, ఒంటరిగా. వేరే కంపెనీ విమానంలో వెళ్తే టెర్మినలే మారాల్సి రావచ్చు. డిసెంబర్, జనవరిల్లో పొగమంచు టెన్షన్ దీనికి అదనం.

అయితే సింగపూర్ దారికి ఒక షరతు: రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. సింగపూర్ విమాన కంపెనీ స్కూట్ వైజాగ్ నుంచి సింగపూర్‌కీ, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్‌కీ నడుపుతుంది కాబట్టి కలిపి తీసుకోవచ్చు. నాలుగు రూపాయలు తగ్గుతాయని విడివిడిగా కొంటే సింగపూర్‌లో సామాను తీసుకోవడానికి బయటికి రావాలి, బయటికి రావాలంటే అక్కడి ఇమిగ్రేషన్ కూడా దాటాలి, ఆ వయసులో ఆ గొడవ ఎందుకు? వైజాగ్ కౌంటర్‌లోనే రెండో బోర్డింగ్ పాస్ కూడా అడిగి తీసుకోమనండి. ఇంకోటి, అది చౌక విమానం, భోజనం, చెకిన్ సామాను మామూలు టికెట్లో ఉండవు. అవి కలిపాకే ధర పోల్చండి, అప్పుడు ఢిల్లీతో తేడా అనుకున్నంత ఉండదు.

హిందీ బాగా వచ్చినవాళ్లకి, రెండో విమానంలో ఎక్కువసేపు హాయిగా నిద్రపోవాలనుకునేవాళ్లకి ఢిల్లీ తప్పేం కాదు. ఎయిర్ ఇండియా విమానం నేరుగా వెళ్తుంది, తిండి వాళ్లే పెడతారు.

హైదరాబాద్ వెళ్లి అక్కణ్ణుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎక్కడం మూడో దారి. సర్వీసు బాగుంటుంది, కానీ గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రో, ఇంకో విమానమో అదనం. అక్కడ చుట్టాలుంటే ఆలోచించండి.

మా వాళ్లకి సింగపూర్ మీదుగానే తీశాను. మామయ్యగారికి సామాను 20 కిలోలు చాలదట, ఆవకాయ జాడీ తీసేయమంటే వినరు. కనీసం మెల్‌బోర్న్‌లో దిగేముందు విమానంలో ఇచ్చే కార్డులో తినుబండారాలు ఉన్నాయని టిక్కు పెట్టమని గట్టిగా చెప్పాను, దాచిపెడితే అక్కడ జరిమానా వేస్తారు.