పాత ప్యాటర్న్ కొంటున్నారా? కవర్ ఫోటో చూసి డబ్బులు వేయకండి

కుట్టుపని చేసే అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీరు ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న పేపర్ ప్యాటర్న్ (బట్ట కత్తిరించుకోవడానికి కొలతలతో వచ్చే కాగితం ముక్కలు) "నా దగ్గర ఉంది అక్కా" అని ఎవరైనా కవర్ ఫోటో పెడితే, అది చూసి ఫోన్‌పే చేయకండి. నేను చేసి 1,950 పోగొట్టుకున్నాను. ఇంకో 1,950 కూడా పోయేదే, కొద్దిలో తప్పింది.

మా చిన్నప్పుడు చుట్టాలబ్బాయి ఒకరు అమెరికా నుంచి అమ్మకు సింప్లిసిటీ అనే కంపెనీ వాళ్ళ స్మాకింగ్ ఫ్రాక్ (ఛాతీ దగ్గర సన్నగా కుచ్చులు పట్టి వాటి మీద కుట్టు వేసేది) ప్యాటర్న్ తెచ్చిపెట్టారు. నాకూ చెల్లెకూ అమ్మ దాంతోనే కుట్టింది. హన్మకొండ ఇంట్లో అల్మారాకు చెదలు పట్టి, ఇప్పుడు కవరూ ముందు భాగం ముక్కా మిగిలాయి, అంతే. వెనక భాగం, యోక్ (భుజాల దగ్గరి ముక్క), చేతులు అన్నీ మట్టి. చెల్లె బిడ్డ మొదటి పుట్టినరోజుకు అదే ఫ్రాక్ కుట్టాలని నా పట్టు. మూడు నెలలు ఆన్‌లైన్‌లో కుట్టుపని తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ప్యాటర్న్ నంబర్ కూడా బయటపెట్టాను. అదే నేను చేసిన మొదటి తప్పు, అందుకే ఇక్కడ రాయట్లేదు.

ఒకామె విడిగా మెసేజ్ చేసింది. కత్తెర పడని కాపీ, 1,800, కొరియర్ 150. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోపు వేస్తే మీకే." అన్ని సైజులూ అందులోనే ఉన్నాయి అంది. అమ్మ దగ్గరున్న కవర్ మీద ఒకటే సైజు, చెస్ట్ 20 అంగుళాలు. ఆ రోజుల్లో చాలావరకు ఒక కవర్‌కి ఒకే సైజు వచ్చేది. అక్కడే నాకు అనుమానం రావాల్సింది, కానీ దొరికిందన్న సంబరంలో ఏదీ కనబడదు కదా. డబ్బు పోయాక గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే కవరు, అదే చిరిగిన మూల, అదే పూల టేబుల్ క్లాత్, ఎక్కడో విదేశంలో ఎప్పుడో అమ్మకానికి పెట్టిన ఫోటో.

పది రోజులు కొరియర్ నంబర్ లేదు. తర్వాత "పార్శిల్ తడిసిపోయింది, పీడీఎఫ్ పంపుతున్నా" అని 24 పేజీలు పంపింది. కాజీపేటలో ఇంజినీరింగ్ డ్రాయింగులు ప్రింట్ తీసే షాపుకి పోయి, 'ఫిట్ టు పేజ్' (కాగితానికి సరిపడేలా సైజు మార్చేది) తీసేయమని చెప్పి మరీ తీయించాను. సరైన పీడీఎఫ్ ప్యాటర్న్‌లో కొలిచి చూసుకోవడానికి ఒక చిన్న చదరం ఉంటుంది, అది అంగుళం అంటే కొలత టేపు మీద అంగుళమే రావాలి. ఇందులో చదరమే లేదు. ఇంటికొచ్చి పేజీలన్నీ నేల మీద పరిచి అతికించి, అమ్మ ముందు ముక్కను దాని మీద పరిచాను. చంక దగ్గర పావు అంగుళం తక్కువ, కింద ఘేర్ (అంచు వెడల్పు) దగ్గర ముప్పావు అంగుళం తక్కువ. అంతటా ఒకేలా తగ్గి ఉంటే ఇంత శాతం పెంచి మళ్ళీ తీయించుకోవచ్చు. ఇది ఫోన్ వంచి తీసిన ఫోటో, పైన ఒక లెక్క, కింద ఒక లెక్క. వెనక భాగం మీదైతే అచ్చులో వేరే ప్యాటర్న్ నంబరే ఉంది. చేతుల ముక్క అసలు లేనే లేదు.

అడిగితే "సారీ అక్కా, డబ్బులు వాపస్ చేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అంది. స్కాన్ చేశాను కూడా. ఫోన్ తెర మీద 1,950 అని వచ్చింది, కింద పిన్ కొట్టమంది. ఫోన్ పక్కనుంచి చూస్తున్న మా ఆయన "మనకు రావాల్సిన పైసలకు మన పిన్ ఎందుకే?" అన్నారు. అప్పుడు ఆపాను. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కరలేదు, పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచే పోతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీకు జరిగితే నాలాగా పది రోజులు మొహమాటపడి ఆలస్యం చేయకండి, ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఉంటుంది. నా మొదటి 1,950 ఇంకా రాలేదు.

కవరు కాదు, లోపలి సూచనల కాగితం ఫోటో అడగండి. ఏ ముక్కలు ఎన్ని ఉండాలో బొమ్మలతో దాని మీదే ఉంటుంది. ముక్కలన్నీ పరిచి, పక్కన టేపు పెట్టి, ఒక చీటీ మీద మీ పేరూ ఆ రోజు తేదీ రాసి ఫోటో తీయమనండి. నిజంగా ఉన్నవాళ్ళకు అయిదు నిమిషాల పని. స్మాకింగ్‌ది అయితే ఇస్త్రీతో బట్ట మీదికి దించే చుక్కల కాగితం కూడా ఉందా, వాడేశారా అని అడగండి. అది లేకపోయినా పర్వాలేదు లెండి, చిన్న గళ్ళ బట్ట తీసుకుంటే గళ్ళ మూలలే చుక్కలు. కానీ లేనిదానికి పూర్తి ధర ఎందుకు ఇవ్వాలి?

ఇప్పుడు మా వీధి టైలరక్క, అమ్మ దగ్గరున్న ముందు ముక్క పెట్టుకుని బ్రౌన్ పేపర్ మీద వెనక భాగం, యోక్ గీసిచ్చింది. పైసలు కూడా తీసుకోలేదు. చేతులే కుదరట్లేదు, ఆ బుట్ట చేతుల కుచ్చు ఎంతో అందట్లేదు. ఎవరి దగ్గరైనా ఆ పాత స్మాకింగ్ ఫ్రాక్ చేతుల ముక్క ఉంటే, పక్కన టేపు పెట్టి ఒక ఫోటో పంపండి. నంబర్ మాత్రం మీరే చెప్పండి, నాదానితో కలిసిందో లేదో నేను చెప్తాను.